పెద్దజాతి కుక్కపిల్లకు కాల్షియం టానిక్ వద్దు

ఎముక గట్టిపడాలని లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు కాల్షియం టానిక్ తాగిస్తున్నరు. దయచేసి ఆపండి. ఆరు నెలల లోపు పిల్ల ఒంట్లకు ఎక్కే కాల్షియాన్ని పేగు సరిగ్గ అదుపు చెయ్యలేదు. ఎముకలు, కీళ్లు వంకరపోతయి. పెద్దజాతి పిల్లల ఫుడ్‌ల కావలసినంత ఉంటది. రోజుకు 3 పూటలు, కొలిచి పెట్టండి. తడిమితే పక్కటెముకలు చేతికి తగలాలె. బొద్దుగా ఉంటే ముద్దే గానీ ఆ బరువంతా తుంటి మీద పడ్తది.

కాళ్లు జారకుండ నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి.

మీదికి దుంకితే అరవొద్దు, అటు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లు నేలకు ఆనిన క్షణమే ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వండి. ఇంట్ల ఒక్కరు దుంకనిచ్చినా నేర్పిందంతా పోతది.

వరంగల్ ఎండల రోడ్డు మీద అరచేతి వెనకవైపు 7 సెకన్లు ఆనించలేకపోతే నడిపించొద్దు.