సెప్టెంబర్ 30న ఆ పిల్ల బడిలో ఉందా, చేన్లో ఉందా?

ఏ పిల్లలకి ఎలాంటి చదువు అందుతోంది, ఎవరికి అందట్లేదు అనే దాని మీద పీహెచ్‌డీ చేసే మాలాంటి వాళ్లం చాలామంది మొదలుపెట్టేది యూడైస్ డేటాతోనే, అంటే దేశంలోని బడులన్నిటి నుంచి ప్రభుత్వం ఏటా సేకరించే లెక్కలతోనే. ప్రతి బడి నుంచి క్లాసుల వారీగా, కులం వారీగా, ఆడపిల్లలు మగపిల్లల వారీగా లెక్కలు ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే టేబుల్స్ వచ్చేస్తాయి, గైడ్ కూడా సంతోషిస్తారు. నేను ఆ డేటాని తిట్టడానికి రాయట్లేదు, అది లేకపోతే మాకు కాళ్లూ చేతులూ ఆడవు. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ లెక్క ఏళ్ల తరబడి సెప్టెంబర్ 30ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని తీశారు, ఆ రోజుకి రిజిస్టర్‌లో పేరుంటే ఆ పిల్ల చదువుతున్నట్టే లెక్క.

నా ఫీల్డ్‌వర్క్ గద్వాల వైపు. 2011 జనాభా లెక్కల్లో ఆ ప్రాంతం అక్షరాస్యత 50 శాతం కూడా దాటలేదు. అక్కడ సెప్టెంబర్ అంటే సీడ్ పత్తిలో క్రాసింగ్ టైం. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, విత్తన పత్తి మామూలు పత్తి లాంటిది కాదు, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, చేత్తో గిల్లి, లోపలి మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి వాటి పుప్పొడిని ఈ పూలకి ఒక్కోదానికీ రాయాలి. ఇది రోజూ జరగాలి, వారాల తరబడి, ఒక్క రోజు మానేసినా ఆ రోజు పూలు పోయినట్టే. అందుకే ఎంతమంది చేతులున్నా చాలవు, ఇంట్లో ఆడపిల్ల ఉంటే ముందు ఆ పిల్లనే పిలుస్తారు.

ఒక ప్రభుత్వ బడిలో హెడ్‌మాస్టర్ గారు హాజరు రిజిస్టర్ నా ముందు తెరిచి పెట్టారు, ఏమీ దాచలేదు. ఏడో తరగతి పేజీ. జులై అంతా బాగానే ఉంది, ఆగస్టు సగం నుంచి వరసగా ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్లు, అదీ ఎక్కువగా ఆడపిల్లల పేర్ల పక్కనే, మళ్లీ పంట పని అయిపోయాక నెమ్మదిగా నీలం ఇంకు మొదలైంది. పేర్లు మాత్రం ఒక్కటీ కొట్టేయలేదు. కొట్టేయకూడదు కూడా, విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి లేదు. ఇంకోటి, పేర్లు తగ్గితే, పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని సర్దే రేషనలైజేషన్‌లో ఆ బడికి టీచర్ పోస్టు పోతుంది, అప్పుడు వచ్చే నలుగురు పిల్లలకి కూడా చెప్పేవాళ్లుండరు. కాబట్టి సెప్టెంబర్ 30 లెక్కలో ఆ పిల్ల ఉంటుంది, బడిలో ఉండదు.

పోనీ బాలకార్మికుల లెక్కల్లో అయినా కనిపిస్తుందా అంటే అదీ కష్టమే. 2016లో చట్టం సవరించాక బడి టైం అయిపోయాక, సెలవుల్లో, సొంత కుటుంబం పనిలో సాయం చేస్తే తప్పు కాదని పెట్టారు. అడిగితే "మా సొంత చేనే కదా మేడం" అంటారు. చేను సొంతమే కావచ్చు, కానీ పెట్టుబడి ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే దళారీ) ఇచ్చిన అడ్వాన్సు, విత్తనం పోయేది కంపెనీకి, కూలీలకి ఇస్తే మిగిలేదేమీ లేదు కాబట్టి పిల్లని దింపుతారు. ఆ తల్లిదండ్రులకి చదువు విలువ తెలీదని ఎవరైనా థీసిస్‌లో రాస్తే నేను అస్సలు ఒప్పుకోను. ఒక ఇంట్లో కొడుకు టౌన్‌లో ప్రైవేట్ స్కూల్ వ్యాన్ ఎక్కుతున్నాడు, అక్క ఊళ్లో బడికి, పని రోజుల్లో చేనికి. ఫీజు ఒక్కరికే కట్టగలరు, కొడుక్కి కట్టారు. అదీ అన్యాయమే, కానీ అక్కడ ఉన్నది విలువ తెలీకపోవడం కాదు, అప్పు.

నిజానికి మన ఊళ్ల మీద ప్రపంచం మొత్తం చదివే రీసెర్చ్ ఉంది. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ల స్టడీ 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా ఫాలో అయింది, ఎనిమిదేళ్ల వయసు పిల్లల్లో ప్రైవేట్ బడికి పోయేవాళ్లు 2002లో 24 శాతం ఉంటే 2009 కల్లా 44 శాతం అయ్యారని, అందులో ఆడపిల్లలు వెనకబడుతున్నారని చూపించింది వాళ్లే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 ఊళ్లలో లాటరీ వేసి కొందరు పిల్లలకి ప్రైవేట్ స్కూల్ ఫీజు కట్టి నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలతో పోలిస్తే తేడా ఏమీ రాలేదు, హిందీలో మాత్రం ముందున్నారు, ప్రైవేట్ బడిలో ఒక్కో పిల్లవాడికి అయ్యే ఖర్చు మాత్రం సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. ఇవి గొప్ప పనులు. ఎక్కడెక్కడి పీహెచ్‌డీ స్టూడెంట్లో కూర్చున్న చోటే ఆ డేటా తెరిచి పేపర్లు రాస్తున్నారు, రాయనీ. కానీ ఆగస్టులో మొదలయ్యే ఆ ఎర్ర ఇంకు వాటిల్లో నేరుగా కనిపించదు, అది చూడాలంటే ఎవరో ఒకరు ఒక సీజన్ మొత్తం ఆ ఊళ్లో ఉండాలి.

ఉండేది ఎవరు? ఆ ఊళ్ల నుంచే, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్లు చాలామంది ఇదే టాపిక్ తీసుకుంటారు, వాళ్లకి ఏ టైంలో ఎక్కడ ఏం జరుగుతుందో పుట్టినప్పటి నుంచి తెలుసు. మరి వాళ్ల పరిస్థితి చూడండి. నెట్ పరీక్షలో పై మార్కులొచ్చిన వాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఉంటే 2023 నుంచి నెలకి 37,000. నెట్‌లో జేఆర్ఎఫ్ రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో 8,000, అది ఏళ్లుగా అంతే. స్టేట్ యూనివర్సిటీల్లో చాలామందికి ఆ 8,000 కూడా లేదు. 8,000తో మెస్ బిల్లు కట్టి, ఇంటికి ఎంతో కొంత పంపి, గద్వాలలో రూం తీసుకుని సీజన్ అంతా ఎలా ఉంటారు? అందుకని టాపిక్ మార్చుకుంటారు, హాస్టల్లో కూర్చుని అయ్యే పనికి మారతారు, లేదా పార్ట్‌టైం కోచింగ్ క్లాసులు చెప్పుకుంటూ రెండు మూడు విజిట్లతో సరిపెడతారు. నేను వాళ్లని తప్పు పట్టట్లేదు, నా ఫ్రెండ్సే వాళ్లంతా. చదువులో అసమానతలని కొలిచే చోటే ఈ అసమానత ఉంది, దాని వల్ల ఏ ప్రశ్నలు అడగబడతాయో ఏవి అడగబడవో తేలిపోతోంది, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. ఫెలోషిప్ పెంచండి, నెలనెలా ఇవ్వండి అని స్కాలర్లు ధర్నా చేస్తే ఇదేదో జీతాల గొడవ అని తీసిపారేయకండి.

ఊళ్లో వాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటుంది. "రాస్కపోతరు మేడం, మాకేమొస్తది?" ఒకామె కన్సెంట్ ఫాం మీద వేలిముద్ర వెయ్యడానికి భయపడింది, రేషన్ కార్డు పోతుందేమో అని. ఆమె భయం తప్పు కాదు, కాగితం మీద వేలు వేయించుకున్న ప్రతిసారీ ఆమెకి ఏదో ఒకటి పోయింది. నేను వేలిముద్ర వద్దని, నోటి మాట రికార్డు చేసుకుంటానని చెప్పా, రీసెర్చ్ పద్ధతుల్ని చూసే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి కూడా అదే రాసిచ్చా. థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది, పర్లేదు, కానీ నాలుగు పేజీలు తెలుగులో రాసి ఆ బడి పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపించాలని పెట్టుకున్నా, క్రాసింగ్ నెలల్లో పోయిన పాఠాలు డిసెంబర్‌లో మళ్లీ చెప్పించమని మండల ఆఫీసులో అడగడానికి వాళ్లకది పనికొస్తుంది.

ఈ సారి సీజన్‌కి ఎవరైనా అటు వెళ్లేటట్లయితే కొన్ని మాటలు. పొద్దున పూట చేన్లోకి వెళ్లి పలకరించకండి, పుప్పొడి రాసే టైం, మాట్లాడితే పని ఆగుతుంది, కూలీ పోతుంది. సాయంత్రం కూడా అంతే, మొగ్గలు గిల్లుతుంటారు. మధ్యలో అన్నాలు తినే టైం దొరుకుతుంది, అప్పుడు వాళ్లతో పాటు చెట్టు కింద కూర్చోండి, ప్రశ్నల కాగితం సంచిలోనే ఉంచండి. ఆర్గనైజర్ బండి మీద మాత్రం ఊళ్లోకి రాకండి, ఇక ఎవరూ మీకు నిజం చెప్పరు. బడికి వెళ్తే యూడైస్ ప్రింటవుట్‌తో ఆగిపోకుండా హాజరు రిజిస్టర్ అడగండి, జులై నుంచి డిసెంబర్ దాకా.