కు, ఎ, కు, ఎ

రెండోసారి కడుపు పోయినప్పుడు నాకు ఐదో నెల. స్కానింగ్ చేస్తున్నావిడ స్క్రీన్‌ను మెల్లగా తనవైపు తిప్పేసుకుంది. అప్పుడే అర్థమైంది. మొదటిది 10వ వారంలోనే పోయింది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం ఇంటికొచ్చాక విచారణ మొదలైంది. బొప్పాయి తిన్నానా? గాజువాక నుంచి స్కూలుకి బస్సులో నిలబడి వెళ్లానా? సింహాచలం మెట్లెక్కానా?

అప్పటికే మూడేళ్లుగా పొద్దున్న లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. బుగ్గల మీద ఎర్రగా వస్తే ఎండ అనుకున్నాను. మా విశాఖ ఎండకి, ఉప్పుగాలికి ఎవరి మొహం బాగుంటుంది చెప్పండి. చూపించుకున్న ఆసుపత్రిలో "వయసుంది, మళ్లీ చూద్దాం" అని పంపేశారు. ఒక్క రక్తపరీక్ష రాయలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

కీళ్ల నొప్పులకని వెళితే రుమటాలజిస్టు ముందు అడిగింది కీళ్ల గురించి కాదు, "గర్భం ఏమైనా పోయిందా అమ్మా?" అని. లూపస్ అని తేలింది, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు. తోడుగా యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. అంటే రక్తం ఊరికే గడ్డకడుతుంది, మాయ సరిగా పనిచెయ్యదు. రక్తపరీక్షలో దొరికినదాని పేరు లూపస్ యాంటీకోయాగులెంట్. పేరుకేమో గడ్డకట్టనివ్వనిది, ఒంట్లో చేసేది గడ్డకట్టించడం! 12 వారాలాగి మళ్లీ చేస్తేగానీ ఖాయం చెయ్యరట. మళ్లీ అదే వచ్చింది. ఆ రోజు ఏడుపు రాలేదు, ఒళ్లు తేలికైంది. బొప్పాయి కాదు, బస్సు కాదు. రిపోర్టు అత్తయ్య చేతిలో పెట్టాను. ముక్క అర్థంకాకపోయినా కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

జబ్బు ఆరు నెలలు సద్దుమణిగాకే అన్నారు, ఆగాం. నెల తప్పాక రోజూ ఆస్పిరిన్ చిన్న బిళ్ళ, రాత్రి ఎనిమిదింటికి పొట్టలో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ సూది. అది మాయ దాటి బిడ్డకి చేరదు. లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపొద్దని మరీమరీ చెప్పారు. "కడుపుతో ఉండి ఇన్ని మందులా" అని పెద్దమ్మ అనేసరికి భయపడి ఓ వారం మానేశాను. మోకాళ్లు వాచాయి, డాక్టరుగారితో తిట్లూ పడ్డాయి.

సూది చూస్తే మా ఆయనకి కళ్లు తిరుగుతాయి. అందుకని అత్తయ్యే నేర్చుకుంది. చర్మం మడతపట్టి నిలువుగా దించేది. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. మర్చిపోకుండా క్యాలెండర్‌లో "కు", "ఎ" అని రాసేది. పొట్టంతా నీలం మచ్చలు. సీమంతం రోజు చీర కడుతూ చూసి మా చెల్లి ఏడ్చేసింది. అత్తయ్య మాత్రం ఎనిమిది కాగానే, పేరంటాళ్లుండగానే, చేతినిండా గాజులతో ఉన్న నన్ను లోపలికి లాక్కెళ్లి సూది వేసింది.

ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది. గర్భం వల్ల వచ్చిన బీపీయా, లూపస్ కిడ్నీని పట్టిందా? రెండూ ఒకేలా ఉంటాయట. లూపస్ రేగితే రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు తగ్గుతాయట; ఆ పరీక్ష మామూలుగానే రావడంతో లూపస్ కాకపోవచ్చన్నారు. ఆ టెన్షన్‌లో బిడ్డకి రక్తం సరిగా అందుతోందా అని చూసే డాప్లర్ స్కాన్‌లు ఎన్ని తీశారో లెక్కలేదు. 36వ వారంలో సిజేరియన్. వెన్నుకి మత్తు ఇవ్వాలని ముందురోజే హెపారిన్ ఆపారు. పాప 2.1 కిలోలు.

బాలింతకీ గడ్డల భయం ఉంటుందని మరో ఆరు వారాలు సూది తప్పలేదు. ఆఖరి రోజు అత్తయ్య క్యాలెండర్‌లో "ఎ" అని రాసి, పెన్ను మూత పెడుతూ, "రేపు కుడివైపు కదూ?" అంది.