ఫ్రెంచి ట్రాక్ ఫ్రేమూ, ఆటోనగర్ లేతూ

పాత ఫ్రెంచి స్టీల్ ట్రాక్ ఫ్రేము, అంటే పందెపు ట్రాకు మీద తొక్కే సైకిలు ఫ్రేము, ఒకటి కొనాలన్న కోరిక నాకు చాలా ఏళ్లుగా ఉన్నా, అది ఈ ఏడాదికి గాని తీరలేదు. ఫ్రాన్సులోని తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఆదివారాలు అక్కడి పాత సామాన్ల సంతలకు వెళ్లి, ఫోనులో చూపించి, నేను అడిగిన చోటల్లా కొలతలు తీసి చెప్పేవాడు. అతనికి సైకిళ్ల మీద ఆసక్తి లేదు, అదే నాకు కలిసివచ్చింది. తెలిసినవాడైతే తన అభిప్రాయం చెప్పేవాడు, తెలియనివాడు కాబట్టి కాలిపర్ చూపించిన అంకె మాత్రమే చెప్పాడు.

ఫ్రెంచి సైకిలు అనగానే అందరికీ ముందు పేర్లు గుర్తుకొస్తాయి. ప్యూజో, మెర్సియే, మోటోబెకాన్, పందెగాడు హీనో తొక్కిన జితాన్ వంటి పేర్లకు ఆకర్షణ ఉన్న మాట నిజమే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లోను, 1972 మ్యూనిక్‌లోను స్ప్రింట్ స్వర్ణాలు గెలిచిన డానియెల్ మోరెలోన్‌ను తలుచుకుంటే ఫ్రెంచి ట్రాక్ ఫ్రేము మీద మోజు పుట్టడం సహజం. అయితే బెజవాడలో కూర్చుని కొనేవాడు పేరును అన్నిటికన్నా చివర చూడాలన్నది నా అభిప్రాయం. ముందు చూడవలసింది ఆ ఫ్రేము ఏ కొలతల్లో పుట్టింది, దానికి కావలసిన విడిభాగాన్ని ఇక్కడ సమకూర్చుకోగలమా అన్న విషయం.

ఆ కొలతలే అసలు చిక్కు. సుమారు 1980 దాకా ఫ్రాన్సు సైకిళ్లకు తనదైన మెట్రిక్ పద్ధతి ఉండేది. బ్రిటిష్ ఫ్రేములో సీటు గొట్టం వ్యాసం 28.6 మిల్లీమీటర్లైతే ఫ్రెంచి ఫ్రేములో 28, పైగొట్టం అక్కడ 25.4 అయితే ఇక్కడ 26. బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ ఇరుసు తిరిగే పెట్టెలో బిగించే కప్పుల థ్రెడ్ 35 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటర్ పిచ్ (మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం). ఫోర్కు కాడ 25 మిల్లీమీటర్లు, దానిలోకి దిగే హ్యాండిల్ స్టెమ్ 22. మిగతా ప్రపంచంలో ఇవి వరుసగా 25.4, 22.2. చూడటానికి వెంట్రుకవాసి తేడాలే గాని, ఒక్కటి కూడా బలవంతంగా సర్దుకోదు.

అన్నయ్య మొదట చూపించిన ఫ్రేము మీద బంగారు గీతలు, మెరిసే నీలం రంగు ఉన్నాయి. “ఒరేయ్, ఇది చూస్తే వదలబుద్ధి కాదురా” అన్నాడు. “రంగు సంగతి తరవాత చూద్దాం అన్నయ్యా, ఫోర్కు పైభాగంలో ముందు నుంచి వెనక్కి రంధ్రం ఉందేమో చూడు” అన్నాను. ఉంది. వెనక చక్రం పైనున్న అడ్డగొట్టంలోనూ రంధ్రం ఉండి, దాన్ని నింపి రంగేశారు. బ్రేకు బిగించడానికి పుట్టిన రోడ్డు ఫ్రేముకు వెనక చీలికలు కోసి, కొత్తవి అతికించి, ట్రాక్ ఫ్రేమని అమ్ముతున్నారన్నమాట. ట్రాక్ ఫ్రేముకు వెనక ఇరుసు కూర్చునే చీలిక వెనక్కి తెరుచుకుని ఉంటుందని చాలామందికి తెలుసు గాని, అదొక్కటే రుజువు కాదు. మన హీరో, అట్లాస్ సైకిళ్ల చక్రం కూడా వెనక్కే ఊడివస్తుంది, అంతమాత్రాన అవి ట్రాక్ సైకిళ్లు కావు కదా. చీలికతో పాటు వెనక చీలికల మధ్య వెడల్పు 120 మిల్లీమీటర్లు ఉండటం, కేబుల్ పట్టుకునే కొక్కేలు ఎక్కడా లేకపోవడం, పెడల్ ఇరుసు రోడ్డు ఫ్రేముకన్నా కాస్త ఎత్తులో ఉండటం, ఇవన్నీ కలిసి ఉండాలి. మరీ పాతవాటిలో వెడల్పు 110 కూడా ఉంటుంది, ఆ కొలతకు చక్రం మధ్యనుండే హబ్ వెతుక్కోవడం వేరే తలనొప్పి.

రెండవది నిజమైన ట్రాక్ ఫ్రేమే. మంచి ధర కూడా. కిందిగొట్టం తలగొట్టానికి అతికే చోటికి రెండంగుళాల కింద, అడుగువైపున, కళ్లు మూసుకుని వేలితో నెమ్మదిగా రాయమన్నాను. ఎదురుగా దేనికైనా గుద్దుకున్న ఫ్రేముకు అక్కడ చిన్న అల వంటి ఉబ్బు వస్తుంది. కొత్త రంగు వేస్తే అది కంటికి కనబడకపోవచ్చు గాని వేలికి తప్పక తగులుతుంది. అన్నయ్య రెండుసార్లు రాసి, “దోసె రాయి మీద పిండి మడత పడినట్టుందిరా” అన్నాడు. ఇన్నేళ్లలో నేను చదివిన వర్ణనల్లో ఇంత కచ్చితమైనది లేదు. ఆ ఫ్రేమును అక్కడే వదిలేశాం.

అదే సంతలో ముందు చక్రం మరీ చిన్నదిగా, ఫోర్కు వంపు వెనక్కి తిరిగి ఉన్న మరో సైకిలును చూసి అన్నయ్య వింతపడ్డాడు. అది మోటారు సైకిలు వెనుక గాలిచాటున తొక్కే పందేలకు చేసినది. గోడకు తగిలించుకోవడానికి ముచ్చటగా ఉంటుంది, రోడ్డు మీద తొక్కడానికి పనికిరాదు.

మూడవది పేరు చెరిగిపోయిన ఫ్రేము. మాసిన ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ పెచ్చులు. సీటు గొట్టం మీద రెనాల్డ్స్ 531 స్టిక్కరు సగం మిగిలి ఉంది. 531 అంటే ఇంగ్లండులోని బర్మింగ్‌హాం కంపెనీ 1935లో తెచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టం. ఫ్రెంచి తయారీదారుల కోసం వాళ్లు దాన్ని మెట్రిక్ కొలతల్లోనూ చేసి పంపేవారు. వీటూస్, డ్యూరిఫోర్ వంటి స్వదేశీ గొట్టాలతో కట్టిన ఫ్రెంచి ఫ్రేములు కూడా ఉన్నాయి, వాటిని తక్కువగా చూడవలసిన పని లేదు. స్టిక్కర్లను మాత్రం నమ్మకూడదు, ఎవరైనా కొత్తవి అచ్చు వేయించుకోవచ్చు. నమ్మదగినది సీటు రాడ్డు కొలత. బయటి వ్యాసం 28 అయినప్పుడు లోపల పట్టే రాడ్డు ఎంత లావుదైతే గొట్టం గోడ అంత పలుచన అన్నమాట. ప్యూజో వారి పందెపు మోడల్ పిఎక్స్-10కు పట్టే రాడ్డు 26.4 మిల్లీమీటర్లు, అదే కంపెనీ సాదా గొట్టాల మోడల్ యుఓ-8కు 24. మా ఆకుపచ్చ ఫ్రేముకు 26.4 సాఫీగా దిగింది. గొట్టాలను కలిపే లగ్గుల అంచులు నెర్వెక్స్ వారి తరహాలో తీగెలుగా వంపులు తిరిగి, ఇత్తడి పొంగి కారకుండా శుభ్రంగా అతికి ఉన్నాయి.

తరవాత దారం పరీక్ష. తాపీమేస్త్రీలు వాడే నూలుదారాన్ని వెనక ఎడమ చీలికకు కట్టి, ముందుకు లాగి తలగొట్టం చుట్టూ తిప్పి, కుడి చీలికకు బిగించి కట్టాలి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య ఖాళీని రెండు పక్కలా కొలిచి చూస్తే ఫ్రేము వంకర తెలిసిపోతుంది. మాకు ఒక పక్క 31, రెండో పక్క 32 వచ్చింది. నేను దానికి తృప్తి పడ్డాను. చివరగా ఫ్రేమును తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ పెట్టె మీద అరచేత్తో తట్టమంటే చిటికెడు ఎర్రపొడి రాలింది. పెచ్చులుగా రాలి ఉంటే వద్దనేవాడిని. కృష్ణ ఒడ్డున తేమకు లోపలి తుప్పు మరింత ముదురుతుంది కాబట్టి, ఫ్రేము ఇంటికి రాగానే గొట్టాల్లో మరిగించిన అవిసె నూనె పోసి, అటూ ఇటూ తిప్పి, రెండు రోజులు డాబా మీద వేలాడదీశాను. మా ఆవిడ దాన్ని చూసి, వడియాలు ఎండబెట్టే చోటు పోయిందని గొడవ చేసింది.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలైంది. నగరంలోని ఒక సైకిల్ షాపులో కుర్రాడు ఇంగ్లీషు థ్రెడ్ కప్పును ఈ పెట్టెలో తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటిన్నర చుట్టు తిరిగి బిగిసింది. అతను పొడుగు స్పానర్ కోసం చెయ్యి చాచేసరికి నేను లేచి ఆపాను. ఇంగ్లీషు కప్పు వ్యాసం సుమారు 34.8 మిల్లీమీటర్లు కాబట్టి నోటికి అందుతుంది, కాని దాని పిచ్ అంగుళానికి 24 చుట్లు, అంటే 1.058 మిల్లీమీటర్లు. నాలుగైదు చుట్లలోనే తేడా పేరుకుని ఫ్రేములోని థ్రెడ్డును కొరికేస్తుంది. ఆ తరవాత పెట్టెను ఇటాలియన్ 36 మిల్లీమీటర్ల థ్రెడ్డుకు పెంచి కోయడం తప్ప దారి ఉండదు. మరికొందరు మంచి ఫ్రేమును కూడా ముందుగానే అలా కోయించేయమని సలహా ఇస్తారు. నాకది నచ్చదు.

నేను ఆటోనగర్‌కు వెళ్లాను. లారీ ఇరుసుల మధ్య ఈ ఫ్రేమును పెట్టేసరికి లేతు మీదున్న పెద్దాయన నవ్వాడు. “పిచ్ ఎంతండీ?” అన్నాడు. ఒక మిల్లీమీటరని చెప్పాను. “ఓస్, ఇంతేనా? అంగుళాల లెక్కయితే గేర్లు మార్చాలి గాని, మిల్లీమీటరు మాకు రోజూ ఉండేదే” అన్నాడు. సైకిల్ షాపు అంగుళాల ప్రపంచం, ఆటోనగర్ మిల్లీమీటర్ల ప్రపంచం. ఫ్రెంచి ఫ్రేము రెండవదానికి చుట్టమని నాకు అప్పుడే తట్టింది. గోళీలు దొర్లే పాతరకం కప్పులను చేయించకూడదు, ఎందుకంటే దొర్లే దారిని గట్టిపరచకపోతే నెలలోనే గుంటలు పడతాయి. అందుకని రెండు పక్కల కప్పులూ విడిగా వచ్చే సీల్డ్ కార్ట్రిడ్జ్ (ఇరుసూ బేరింగులూ మూసి ఉన్న ఒకే ముక్క) కొని, లోపలి కొలత దాని కప్పులదే ఉంచి, బయట మాత్రం 35కు 1 థ్రెడ్డుతో కొత్త కప్పులు తీయించాను. మొదటి కప్పును తిప్పినప్పుడు స్పానర్ లేకుండా వేళ్లతోనే చివరిదాకా దిగింది.

బ్రేకు విషయంలో రాజీ లేదు. ట్రాక్ సైకిలుకు బ్రేకులు ఉండవు, పెడళ్లు వెనక చక్రంతో పాటే తిరుగుతాయి. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని వెలోడ్రోమ్‌లో, అంటే సైకిలు పందేల ట్రాకులో, అది సరే గాని, ఏలూరు రోడ్డు మీద షేర్ ఆటో ఉన్నచోటనే ఆగిపోయినప్పుడు కాళ్లతో వెనక్కి తొక్కి ఆపుతాననుకోవడం తెలివితక్కువ. అలాగని పాత ఫోర్కుకు డ్రిల్లు పెట్టడానికి మనసొప్పలేదు. తలగొట్టంలోకి దిగే హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల సెట్టు) కప్పుల కొలత ఫ్రెంచి, బ్రిటిష్ పద్ధతులు రెండింటిలోనూ 30.2 మిల్లీమీటర్లే. కాబట్టి హెడ్‌సెట్ మొత్తం మార్చేస్తే, బ్రేకు రంధ్రమున్న మామూలు ఒక అంగుళం ఫోర్కు ఇందులో కూర్చుంటుంది. 22.2 స్టెమ్ కూడా దొరుకుతుంది. ఫోర్కు పొడవు మాత్రం చూసుకోవాలి, పది మిల్లీమీటర్లు పెరిగితే తలగొట్టం కోణం సుమారు అర డిగ్రీ వాలిపోయి, ట్రాక్ ఫ్రేముకుండే చురుకుదనం తగ్గుతుంది. అసలు ఫోర్కును నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. చైను మాత్రం మన వీధి షాపులో దొరికే, అరంగుళం పిచ్, అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు ఉన్నదే, అన్ని విడిభాగాల్లోకీ తేలికగా దొరికింది అదొక్కటే.

ఫ్రెంచి పెట్టెలో మిగిలిన లోపం ఒకటుంది. రెండు కప్పులూ కుడిచేతి థ్రెడ్డే కాబట్టి, తొక్కే కొద్దీ చైను పక్క కప్పు ఊడే దిశలో జరగాలని చూస్తుంది. బ్రిటిష్ వాళ్లు ఆ పక్కన ఎడమ థ్రెడ్ పెట్టింది అందుకే. అందువల్ల కప్పు అంచు నుంచి ఫ్రేము మీదికి మా అమ్మాయి గోళ్లరంగుతో ఒక ఎర్రగీత గీశాను. ప్రతి ఆదివారం కరకట్ట మీద తొక్కి వచ్చాక సైకిలును గోడకు ఆనించి, వంగి చూస్తాను. ఆరు వారాలైంది, గీత రెండు ముక్కలు కాలేదు.