వసారాలో ఆరు నెలలు

2024 కార్తీక మాసంలో నాకు దగ్గు పట్టుకుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానాల వల్లే అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, మెడికల్ షాపులో సిరప్ కొనుక్కున్నాను. రెండు వారాలు దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసిపోయేది, జాకెట్లు వదులైపోయాయి. "ఒకసారి చూపించుకో అమ్మాయ్" అని అత్తయ్య అన్నప్పుడల్లా "పోతుందిలే అత్తయ్యా" అనేదాన్ని.

ఖమ్మంలో మా ఇంటి వసారాలో పద్నాలుగు మంది పిల్లలకి ట్యూషన్ చెప్తాను. చలి మొదలయ్యాక వాళ్లని ముందుగదిలో కూర్చోబెట్టి తలుపులు దగ్గరికి వేసేదాన్ని. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే లెక్కలు చెప్పాను. ఒక్కరోజు కూడా మానలేదు. అందుకు లోపల కాస్త గర్వంగా ఉండేది.

ఆ గర్వం ఎక్కడిదో చెప్పాలి. మా తమ్ముడు సివిల్స్ ఎథిక్స్ పేపర్ కోసం రాసుకున్న నోట్సు మా ఇంట్లో ఉండిపోయింది. అందులో స్టోయిక్కులనే పాతకాలపు తత్వవేత్తల మీద ఏడెనిమిది పేజీలున్నాయి. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో జీనో అనే ఆయన ఏథెన్స్‌లో, బొమ్మలు వేసిన ఒక స్తంభాల వసారాలో పాఠాలు చెప్పేవాడట. గ్రీకులో అలాంటి వసారాని స్టోవా అంటారు, ఆ పేరే వాళ్లకి నిలిచిపోయింది. నేనూ వసారాలోనే చెప్తాను కదా, ఆ మాట చదివినప్పటి నుంచి వాళ్లంటే ఏదో అభిమానం. కానీ నాకు అర్థమైంది ఒక్కటే: కష్టమొస్తే నోరెత్తకుండా ఓర్చుకోవాలని.

ఐదో వారంలో ఒకరోజు తెల్లవారుజామున వాష్‌బేసిన్‌లో ఎర్రటి చార కనిపించింది. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. రెండు డబ్బాలిచ్చి, ఒకటి అప్పుడే, ఇంకోటి మర్నాడు పొద్దున్నే పళ్లు తోమకముందు గళ్ల పట్టి తెమ్మన్నారు. టీబీ అని తేలింది. మామూలు మందులకి లొంగే రకమే. బరువు చూస్తే 46 కిలోలు. ఆ బరువుకి రోజుకి మూడు మాత్రలు, ఒక్కోదాంట్లో కొన్ని మందులు కలిపినవి. నెలకి 28 రోజుల లెక్కన మొదటి రెండు నెలలు 56 రోజులు, తర్వాత నాలుగు నెలలు 112 రోజులు. మొత్తం 168.

ఆ రాత్రి నిద్ర పట్టక మళ్లీ ఆ నోట్సు తీశాను. వివేకం, ధైర్యం, న్యాయం, నిగ్రహం అని నాలుగు గుణాలు రాసి, వాటి చుట్టూ తమ్ముడు పెన్నుతో ఒక గీత చుట్టాడు. పక్కనే, "ఇవి విడివిడిగా ఉండవు, ఒకటి నిజంగా ఉంటే నాలుగూ ఉన్నట్టే" అని రాశాడు. ఇంతకుముందు ఎన్నోసార్లు ఆ పేజీ తిప్పేశాను. ఆ రాత్రి మాత్రం అక్కడే ఆగిపోయాను. ఐదు వారాలు నేను ఓర్చుకున్నదాంట్లో వివేకం లేదు. మూసిన గదిలో పిల్లల మధ్య దగ్గాను కాబట్టి న్యాయం అసలే లేదు. మరి అది ధైర్యం ఎలా అవుతుంది? డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడ్డాను. ఆ భయానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాను.

నా కోసం ఏం చెయ్యాలో డాక్టరు చెప్పేశారు, అది తేలికే. పిల్లల తల్లిదండ్రులకి చెప్పడమే కొండంత పని అయింది. "కంటికి బాలేదని చెప్పి మానిపించెయ్, ఊరంతా తెలిస్తే ఇంక ఎవరొస్తారు?" అన్నారు మా ఆయన. ఆయన మాటలో తప్పు లేదు, ఇల్లు గడవాలి కదా. కానీ ఆ పిల్లల్లో ఎవరికైనా అంటుకుని, దాన్ని జలుబనుకుని వదిలేస్తే? మా ఏరియా ఆశా వర్కర్ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వు చెప్పక్కా, వాళ్లేమైనా అడిగితే నేను మాట్లాడతా" అంది. పెద్ద నోటుబుక్కులో పద్నాలుగు పేర్లు రాసుకుని ఫోన్ పట్టుకున్నాను.

మొదటి నంబరు నొక్కి రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి అవతల "చెప్పండి టీచర్" అనగానే ఒక్క గుక్కలో చెప్పేశాను: "నాకు టీబీ వచ్చిందండీ, బాబుని ఒకసారి ఆసుపత్రిలో చూపించండి, పరీక్షకి డబ్బులేం తీసుకోరు." అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మీకెలా ఉంది టీచర్?" అని అడిగారావిడ. ఏడుపు ఆగలేదు నాకు. అందరూ అలా లేరు. ఒకాయన నోటికొచ్చినట్టు అరిచాడు. ఇంకొకరు ఫోన్ పెట్టేసి మళ్లీ ఎత్తలేదు. ఆ స్టోయిక్కుల్లో ఎపిక్టెటస్ అనే ఆయన బానిసగా పుట్టి, కుంటికాలుతోనే బతికి, తర్వాత గురువయ్యాడు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ముందు తేల్చుకోమనేవాడట. చెప్పడం నా చేతిలో ఉంది, వాళ్లు ఎలా తీసుకుంటారన్నది లేదు. అరుపులు వింటున్నప్పుడు ఆ మాట నిజంగానే నన్ను పట్టి నిలబెట్టింది. తొమ్మిది మంది పిల్లల్ని చూపించారు. ఎవరికీ ఏమీ లేదు.

మాత్రల సంగతికొస్తే, మొదటిరోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. వికారం మాత్రం పొద్దున్నంతా ఉండేది. స్టోయిక్కుల్లోనే ఒకడైన రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ పొద్దున్నే పక్క దిగబుద్ధి కాకపోతే "మనిషి చెయ్యాల్సిన పని చెయ్యడానికి లేస్తున్నాను" అని తనకి తాను చెప్పుకునేవాడట. ఆయన ఏలుబడిలోనే పెద్ద అంటురోగం వచ్చి ఏళ్లతరబడి జనం చనిపోయారు. ఆయన చెప్పుకున్న మాట మాత్రల అట్ట మీద రాసి పెట్టుకున్నాను.

అసలు పరీక్ష మూడో నెలలో వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఆకలి తిరిగొచ్చింది. ఇంకెందుకీ మందులు అనిపించింది. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకి లొంగని రకంగా మారొచ్చు, అది ఇంకొకరికి అంటుకోవచ్చు. నిగ్రహం అంటే అప్పటిదాకా స్వీట్లు మానడం లాంటిదనుకున్నాను. ఒంట్లో బాగున్నప్పుడు కూడా మూడు మాత్రలు మింగడం నిగ్రహమని అప్పుడు తెలిసింది. అదీ ఇంకెవరికోసమో.

ఒక రాత్రి మాత్రం బాగా కుంగిపోయాను. తమ్ముడికి ఫోన్ చేస్తే సెనెకా అనే ఇంకో స్టోయిక్కు రాసిన ఒక ఉత్తరం గురించి చెప్పాడు. ఆయనకీ చిన్నతనం నుంచి ఊపిరి జబ్బే. చిక్కి సగమై, ప్రాణం తీసుకుందామనుకున్నాడట. ముసలి తండ్రి తట్టుకోలేడని గుర్తొచ్చి బతకమని తనకి తాను ఆజ్ఞాపించుకున్నాడట. ఒక్కోసారి బతికుండటం కూడా ధైర్యమే అని రాశాడు. పక్క గదిలో మా అమ్మాయి గురక సన్నగా వినిపిస్తోంది. చాలాసేపు అలాగే వింటూ పడుకున్నాను.

ప్రభుత్వం పోషకాహారానికని నెలకి 1,000 రూపాయల లెక్కన ఇచ్చింది, అవి గుడ్లకీ పల్లీలకీ సరిపోయాయి. ఆరు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను. చివరి పరీక్షలో ఏమీ లేదన్నారు. పన్నెండు మంది పిల్లలు తిరిగొచ్చారు. ఇప్పుడు ఎంత చలేసినా వసారాలోనే కూర్చుంటాం.

జబ్బు మొదట్లో అత్తయ్య నా గ్లాసు అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టారు, కలిసిపోకుండా. అది చూసిన రోజు గుండె కలుక్కుమంది. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది గానీ గ్లాసుల వల్ల కాదని ఆశా అమ్మాయి చెప్పినా ఆవిడ భయం పోలేదు. నేను వాదించలేదు. ఆవిడ మనవరాలి కోసం భయపడుతున్నారు, నేనూ ఆ పిల్ల కోసమే భయపడుతున్నాను. రోజూ ఆ గ్లాసు నేనే తోముకునేదాన్ని. తోమగా తోమగా చుక్క సగం చెరిగిపోయింది. మొన్న మధ్యాహ్నం చూస్తే, ఆ గ్లాసులోనే మజ్జిగ పోసుకుని అత్తయ్య వసారాలో కూర్చుని తాగుతున్నారు.