సూర్యుడు పేలిపోయాక

"అయిపోయిందా? గెలిచావా?"

మంచినీళ్ల చెంబుతో అమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. రాత్రి ఒంటిగంటన్నర. తెర మీద ఔటర్ వైల్డ్స్ అనే వీడియో గేమ్ తయారు చేసినవాళ్ల పేర్లు మెల్లగా పైకి పోతున్నాయి. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ ఆటలో గెలవడానికి శత్రువంటూ ఎవరూ లేరు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మనం మళ్లీ చలిమంట పక్కన కళ్లు తెరుస్తాం. కత్తీ రాదు, తుపాకీ రాదు. కిందటిసారి తెలుసుకున్నదే ఆస్తి. అందుకే దీన్ని రెండోసారి ఆడలేను, అన్నీ తెలిసిపోయాయి కదా. మొత్తం మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాలని ఉంది.

ఈ ఏడాది పూర్తిచేసినవి మూడే. సెలెస్ట్‌లో కొండెక్కుతూ 2,914 సార్లు చచ్చాను. ఆ లెక్క ఆటే చూపిస్తుంది, కాస్త మొహమాటం కూడా లేకుండా.

ఓబ్రా డిన్ ఆటలోని ఓడలో 60 మందికి ఏమైందో తేల్చడానికి నోటుపుస్తకం పెట్టాను. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేగాని ఆట ఔననదు. కొందరు నావికులను ఉయ్యాల పడకల్లోంచి బయటికి కనిపించే పాదాలను బట్టి పోల్చుకున్నప్పుడు, గదిలో ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నాను.

నాలుగోది మరీ పెద్ద ఆట, సగంలో వదిలేశాను. నా గుర్రం ఇంకా ఏదో వాగు ఒడ్డున నిలబడే ఉంటుంది, పాపం.

"గెలవలేదమ్మా, అయిపోయింది" అన్నాను.

"సరే, ఆ లైటు ఆర్పు" అని వెళ్లిపోయింది.