కోవళంలో ఒక పొద్దు, నాలుగు బోర్డులు

తిరుపతి నుంచి సర్ఫింగ్‌కి పోవాలంటే కోవళమే అనువు. కేరళది కాదు, మద్రాసు దగ్గరి కోవళం. 2022లో జిల్లాలు విడదీశాక తూపిలిపాలెం సముద్రతీరం మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. అయినా రకరకాల బోర్డులు ఎక్కి చూడాలంటే అద్దెకిచ్చే సర్ఫ్ స్కూళ్లున్న చోటికి పోక తప్పదు.

రాత్రి రెండింటికి కారు తీశాం. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దాటి నెమిలిచేరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వండలూరులో దిగితే మద్రాసు ట్రాఫిక్ తగలదు. అక్కణ్నుంచి కేళంబాక్కం మీదుగా కోవళం. (ఎముకల కట్టుకి పేరుపడ్డ పుత్తూరు దారిలోనే ఉండటం శుభమో, హెచ్చరికో.) ఆరున్నరకల్లా నీళ్లలో ఉండాలి. పొద్దున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది కాబట్టి అల నున్నగా నిలబడి విరుగుతుంది. ఎండెక్కాక గాలి తిరిగి సముద్రం వైపు నుంచి కొడుతుంది, అల చెదిరిపోతుంది.

నడుమెత్తు అలలు. ఒకే చోట, ఒకే పొద్దున బోర్డులు మార్చాం. వేర్వేరు రోజుల్లో ఎక్కితే తేడా బోర్డుదో సముద్రానిదో తేల్చలేం. అద్దె బోర్డు తీసుకునేటప్పుడు చాలామంది పొడవొక్కటే అడుగుతారు. అడగాల్సింది లీటర్లు, అంటే బోర్డు ఘనపరిమాణం. అదెంత ఎక్కువైతే బోర్డు అంత బాగా తేలుతుంది. చాలా ఫైబర్ బోర్డుల అడుగున పొడవు, వెడల్పు, మందం రాసి, చివర్లో ఆ అంకె వేసి ఉంటారు. నా బరువు 72 కిలోలు. ఏడాదికి నాలుగైదుసార్లే సముద్రం చూసే నాబోటివాళ్లు బరువెంతో లీటర్లూ అంతకు తగ్గకుండా చూసుకుంటే మంచిది.

మొదట 9 అడుగుల సాఫ్ట్ టాప్ (పైన మెత్తటి నురుగు పొర ఉండే బోర్డు), 80 లీటర్ల పైమాటే. బోర్లా పడుకుని చేతులతో నాలుగుసార్లు నీళ్లు తోస్తే చాలు, అల పట్టేసింది. పడుకునే చోటు కుదరడమే ఇందులో కిటుకు. ముక్కు నీటికి రెండు మూడు అంగుళాల పైన ఉండాలి. ముందుకి జరిగితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని మనిషి తలకిందులవుతాడు. వెనక్కి జరిగితే తోక మునిగి, బోర్డు బ్రేకేసినట్టు ఆగి, అల కింద నుంచి జారిపోతుంది. లోపలికి పోయేటప్పుడు మాత్రం ఇది కష్టం. అంతలా తేలే బోర్డుని అల కింద ముంచలేం. అంచులు గట్టిగా పట్టుకుని తిరగబడి, బోర్డు కింద మనం ఉండి నురగని పైనుంచి పోనివ్వాలి. ఎదురొచ్చే అలకీ మనకీ మధ్య బోర్డుని అడ్డం పెట్టుకుంటే మూతి పగులుతుంది.

తర్వాత 7 అడుగుల 6 అంగుళాల ఫన్‌బోర్డు (మధ్యరకం పొడవుది), 55 లీటర్లు. నా లెక్క ప్రకారం చాలదు, అయినా ఆ పొద్దుటికి ఇదే నెగ్గింది. నీళ్లు రెండు మూడుసార్లు ఎక్కువ తోయాలి, లేచేటప్పుడు పాదాలు సరిగ్గా మధ్యగీత మీద పడాలి. బదులుగా అల విరుగుతూ కుడికి సాగుతుంటే దాని వెంట తిరుగుతుంది. కోవళంలో దక్షిణం నుంచి వచ్చే అల తీరం వైపు చూసేవాడికి కుడికే నడుస్తుంది. మొదట్లో తోక జారినట్టనిపించింది. తోక అడుగున బోర్డుని నిలకడగా ఉంచే రెక్కల్ని ఫిన్లంటారు. మధ్య ఫిన్ దాని గాడిలో మరీ ముందుకి బిగించి ఉంది. స్క్రూ వదులు చేసి వెనక్కి ఒక అంగుళం జరిపితే నిలకడ వచ్చింది.

మూడోది 5 అడుగుల 10 అంగుళాల ఫిష్, 35 లీటర్లు. వెడల్పు తోక, చీలిన చివర, రెండు ఫిన్లు, అడుగు దాదాపు చదును. అందుకే బలహీనమైన అల మీద కూడా ఉరుకుతుంది. పట్టిన అలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, దీని వేగం మాత్రం మిగతా బోర్డులకి లేదు.

నాలుగోది 6 అడుగుల షార్ట్‌బోర్డు, 28 లీటర్లు, మూడు ఫిన్లు. పడుకుంటే ఛాతీ దాకా మునిగాను. నిటారుగా లేచే అల ఉంటేనే దీనికి పని. నడుమెత్తు అలకి దండగ. చిన్న బోర్డుకి మారడమంటే పై క్లాసుకి పోవడమనుకుంటారు గానీ, రోజంతా ఒక్క అలా పట్టకపోతే నేర్చుకునేదేముంది?

లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) గురించి అద్దె దగ్గర ఎవరూ పెద్దగా చెప్పరు. దాని పొడవు సుమారు బోర్డంత ఉండాలి. 9 అడుగుల బోర్డుకి 6 అడుగుల లీష్ కడితే పడినప్పుడు బోర్డు రబ్బరులా లాగి మొహం మీదికే వస్తుంది. వెనక కాలి మడమ పైన కట్టుకోవాలి, నీళ్లలోంచి పైకి లేచేటప్పుడు చేతులతో తల కప్పుకోవాలి.

కాలు జారకుండా బోర్డు పైన రుద్దే వాక్స్ కొనేటప్పుడు ట్రాపికల్ అని రాసినదే తీసుకోండి. చల్లటి నీళ్లకి చేసింది బంగాళాఖాతంలో మెత్తబడి జారుతుంది. వంటికి ఒక రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేసుకోకపోతే ఇసుక కలిసిన వాక్స్ ఛాతీని గీకేస్తుంది.

సొంత బోర్డు తీసుకెళ్లేవాళ్లు ఫిన్లు ఊడదీసి, కారు పైన మెత్త వేసి, అడుగు పైకి, తోక ముందుకి పెట్టి కట్టాలి. బెల్టుని ఒక మెలిక తిప్పితే గాలికి మోత పెట్టదు. మరీ బిగిస్తే అంచు నొక్కుకుపోతుంది. తిరుగు ప్రయాణంలో మూసిన కారులో బోర్డు వదిలేసి భోజనానికి పోవద్దు. మే నెల ఎండకి వాక్స్ సీట్ల మీదికి కారుతుంది, ఈపీఎస్ (లోపల థర్మోకోల్ లాంటి నురుగు ఉండే) బోర్డైతే లోపలి గాలి ఉబ్బి పైపొర లేస్తుంది. చీలిక కనబడితే పూర్తిగా ఆరాకే పూడ్చాలి. ఈపీఎస్‌కి ఎపాక్సీ రెజిన్ (గట్టిపడే జిగురు) మాత్రమే వాడాలి, పాలిస్టర్ రెజిన్ తగిలితే లోపలి నురుగు కరిగిపోతుంది.