డబ్బులిచ్చి ప్రాక్టీసు చూసొచ్చాను

"ఏట్రా, అంత దూరం ఎల్లి, డబ్బులిచ్చి, ప్రాక్టీసు మ్యాచ్ చూసొచ్చావా?" అన్నాడు మా బావ. పొద్దున్నే మా విజయనగరం విజ్జీ స్టేడియంలో నాతో పాటు నడుస్తాడు. ఎగతాళే గానీ అడగాల్సిన ప్రశ్నే. నడుస్తూ సగం చెప్పాను, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే రెండు రౌండ్లు అయ్యాయంటే బావకి టీ తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

మార్చిలో అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో తమ్ముడింట్లో ఉన్నాం. వాడి కూతురికి బేస్‌బాల్ పిచ్చి. పెద్ద స్టేడియం చూపిస్తుందనుకుంటే, "వద్దు పెదనాన్నా, బ్రాడెంటన్ వెళ్దాం, అక్కడైతే వాళ్ళ మాటలు కూడా వినపడతాయి" అంది. టాంపా నుంచి గంట ప్రయాణం.

సంగతేంటంటే, ఏటా ఫిబ్రవరి మధ్యలో అమెరికా పెద్ద లీగులోని 30 బేస్‌బాల్ జట్లూ చలి తప్పించుకుని దక్షిణాదికి దిగుతాయి. 15 ఫ్లోరిడాకి, 15 అరిజోనాకి. అసలు సీజన్ మొదలయ్యేదాకా అక్కడే సాధన, అక్కడే మ్యాచ్‌లు. ఎవరు గెలిచినా పాయింట్లు రావు. బ్రాడెంటన్‌కి వచ్చేది పిట్స్‌బర్గ్ పైరేట్స్, 1969 నుంచీ అక్కడే. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది, మా ఆవిడకీ అదే గుర్తొచ్చింది, ఆ గుడి ఫ్లోరిడాలో లేదని తెలిశాక కారులో కాసేపు మాట్లాడలేదు.

గ్రౌండు 1923లో కట్టింది. ఇప్పటి పేరు లీకామ్ పార్క్, పాతవాళ్ళు మెకెక్నీ ఫీల్డ్ అనే అంటారు. తెల్లటి గోడలు, చుట్టూ మామూలు వీధులు. 2008 దాకా ఫ్లడ్ లైట్లే లేవట. పట్టేది ఎనిమిదిన్నర వేల మందికి అటూ ఇటూ, అంటే మన క్రికెట్ స్టేడియాల లెక్కలో ఒక స్టాండు. మమ్మల్ని సీట్ల దగ్గరికి తీసుకెళ్ళిన పెద్దాయనకి డెబ్భై పైనే ఉంటాయి, జేబులోంచి గుడ్డ తీసి మా సీట్లు తుడిచి మరీ కూర్చోబెట్టాడు. ఊరివాళ్ళే ఇలా స్వచ్ఛందంగా వచ్చి పని చేస్తారని అమ్మాయి చెప్పింది.

మేం కూర్చున్నది బ్యాటర్ వెనకాల, వల ఇవతల. టీవీలో బేస్‌బాల్ నాకెప్పుడూ ఎక్కలేదు, పదినిమిషాలకి ఛానల్ మార్చేసేవాణ్ణి. అక్కడ మొదటి బంతికే వెన్ను నిటారుగా అయింది. 18 మీటర్ల పైచిలుకు దూరం నుంచి నూట యాభై కిలోమీటర్ల వేగంతో వస్తుంది, పిచ్ తగిలి నెమ్మదించే పని లేదు, బ్యాటర్ చేతిలో సెకనులో సగం కూడా ఉండదు. వెనక కీపరు లాంటివాడు కూర్చుంటాడు, క్యాచర్ అంటారు, వాడి తోలు గ్లవ్‌లో బంతి పడితే తడిబట్టని బండకేసి కొట్టినట్టు చప్పుడు. ఆ చప్పుడు వినే పక్క సీటాయన ఇది ఫాస్ట్, ఇది స్లో అని చెప్పేస్తున్నాడు, బోర్డు చూడకుండానే. అంపైరు గొణుగుడు, క్యాచర్ దానికి నవ్వడం, దూరంగా ఉన్న ఫీల్డరు ఏదో స్పానిష్‌లో అరవడం, అన్నీ వినిపించాయి. ఆటగాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఇంత మాట్లాడుకుంటారని నాకు ఆరోజే తెలిసింది.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఐదోది అయ్యాక పేరున్న వాళ్ళు ఒక్కొక్కళ్ళే తప్పుకున్నారు. కొందరు బ్యాగు భుజాన వేసుకుని ఇంటికే బయల్దేరారు. జనం కూడా పల్చబడ్డారు, మా ఆవిడా ఇక పోదామంది. అసలు చూడాల్సింది అప్పుడే మొదలైంది. డెబ్భైలు, ఎనభైలు, తొంభైల నంబర్లు వేసుకున్న కుర్రాళ్ళు దిగారు. సీజన్ మొదలయ్యే నాటికి జట్టులో ఉండేది 26 మంది, క్యాంపులో దానికి రెట్టింపు పైనే ఉంటారు. మిగతావాళ్ళు చిన్న లీగులకి, బస్సు ప్రయాణాలకి. తొంభై దాటిన నంబరు కుర్రాడొకడు మామూలు బంతిని కొట్టి, ఔటని తెలిసి కూడా ఫస్ట్ బేస్, అంటే కొట్టినవాడు పరిగెత్తి చేరాల్సిన మొదటి గుర్తు, దాటేదాకా ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తాడు. తిరిగొస్తూ తొడకేసి హెల్మెట్ కొట్టుకున్నాడు. మా ముందు వరసలో ఒకావిడ "పర్లేదు, పర్లేదు" అంటోంది, వాడికి వినపడేలా. తల్లేనేమో, అడగలేదు. పాయింట్లు లేని మ్యాచ్ అని ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పండి చూద్దాం.

జనంలో ఎటు చూసినా 21 నంబరు చొక్కాలే. పైరేట్స్ పాత ఆటగాడు రాబర్టో క్లెమెంటేది. ప్యూర్టోరికో మనిషి, సరిగ్గా 3000 హిట్లు కొట్టాడు, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సామాను తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. ఆ ఏడాది కూడా ఈ గ్రౌండులోనే సాధన చేసి వెళ్ళాడు.

ఇంకో సంగతి విని బావ నడక ఆపి నిలబడ్డాడు. 2008లో మన దేశంలో బేస్‌బాల్ విసరడానికి ఒక టీవీ పోటీ పెట్టారు. రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఉత్తరప్రదేశ్ పల్లెల కుర్రాళ్ళు, జావెలిన్ విసిరేవాళ్ళు, అప్పటిదాకా బేస్‌బాల్ ముఖమే చూడలేదు. వాళ్ళని తీసుకున్నది ఈ పైరేట్సే. 2009లో ఆ జట్టు చిన్న లీగులో ఆడారు, సాధన ఈ బ్రాడెంటన్‌లోనే. దినేశ్‌ది బెనారస్ ప్రాంతం. ఈ స్టేడియానికి పేరిచ్చిన మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ కూడా చివరికి స్థిరపడింది బెనారస్‌లోనే కదా అన్నాను. "నువ్వు దేనికి దేనికి ముడేస్తావురా" అన్నాడు బావ.

విజ్జీ పేరెత్తితే అందరూ 1936 ఇంగ్లాండ్ టూరే తవ్వుతారు, ఆయన కెప్టెన్సీ, లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో వెనక్కి పంపేయడం. తవ్వాల్సిందే, నేను వెనకేసుకు రాను. కానీ 1930-31లో జాక్ హాబ్స్‌నీ, సట్‌క్లిఫ్‌నీ ఇంగ్లాండ్ నుంచి రప్పించి తన జట్టులో ఆడించింది కూడా ఆయనే. గొప్ప ఆటగాణ్ణి దగ్గర్నుంచి చూడ్డం ఎంత ముఖ్యమో ఆయనకి తెలుసు. ఆయన పేరున్న గ్రౌండులో పిల్లలు నెట్స్‌లో చెమటలు కక్కుతుంటే మనం ఫోన్ చూసుకుంటూ చుట్లు తిరుగుతాం, నాతో సహా. నీడకి నాలుగు బెంచీలు వేస్తే కూర్చుని చూసేవాళ్ళు దొరుకుతారనే నా నమ్మకం. బావ నమ్మడు.

ఫ్లోరిడాలో పిల్లలున్నవాళ్ళు ఎలాగూ వెళ్తారు, మార్చి మూడో వారంలోపు చూసుకోండి. మ్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలవుతుంది, ఎండ మన రథసప్తమి నాటిది కాదు, మాడ్చేస్తుంది, నీడ పడే సీటు అడిగి మరీ తీసుకోండి. మార్చి దాటిపోతే కంగారు లేదు, ఏప్రిల్ నుంచి అదే గ్రౌండులో బ్రాడెంటన్ మరాడర్స్ అనే చిన్న లీగు జట్టు ఆడుతుంది. నన్నడిగితే అదే ఇంకా బాగుంటుంది, తొంభై నంబరు కుర్రాళ్ళే మొదటి బంతి నుంచీ ఉంటారు.